గుర్రానికి తెచ్చిన పొడి

మోకాళ్ళ నొప్పికి మందు చెప్పలేని మనిషిని మా గోదావరి జిల్లాల్లో నేను ఇంతవరకూ చూడలేదు. బస్సులో పక్క సీటావిడ చెబుతుంది. కూరగాయలు తూస్తూ కొట్టాయన చెబుతాడు. ఒకసారి బ్యాంకులో నా సంతకం కలవలేదని చెప్పడానికి పిలిచిన గుమాస్తా, ఆ సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, వావిలాకు ఎలా కాచాలో పావుగంట చెప్పాడు. నాకు మోకాళ్ళ నొప్పులు లేవు. ఉన్నాయని ఆయన ఎందుకనుకున్నాడో ఇప్పటికీ తెలీదు. అందుకే మా గుర్రానికి కీళ్ళు పట్టేశాయన్న మాట బయటికి పొక్కిన రోజున నేను గుర్రం కంటే ఎక్కువగా జనానికే భయపడ్డాను.

మాది ధవళేశ్వరం దాటాక కాలవ గట్టు పక్క ఊరు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయన కాలవల ఆఫీసులో గుమాస్తా. మా మామగారు రాజమండ్రి స్టేషను దగ్గర జట్కా తోలినాయన. ఆటోలొచ్చి జట్కాలు పోయినా, ఆయన పోయినా, ఆ ఇంట్లో గుర్రం మాత్రం పోలేదు. మా ఆయన ఒక తెల్ల ఆడగుర్రాన్ని కొని పెళ్ళి ఊరేగింపులకి పంపేవారు. పంపేవారంటే, జరీ తలపాగా చుట్టుకుని, కళ్ళెం పట్టుకుని తనే ముందు నడిచేవారు. ఆఫీసులో ఆయన మాట ఫ్యాను కూడా వినేది కాదు. ఊరేగింపులో మాత్రం బ్యాండువాళ్ళు ఆయన్ని చూసే అడుగు వేసేవాళ్ళు. గుర్రం పేరుతో మా ఇంట్లో పోషించింది ఆ మర్యాదనే అని నా అభిప్రాయం.

దానికి పేరు పెట్టలేదు. అమ్మాయి అనేవాళ్ళం. మా అత్తగారు నన్ను కూడా అమ్మాయ్ అనే పిలిచేవారు. ఆవిడ పిలిస్తే ముందు పలికేది గుర్రమే.

ఇక మా చర్చి సంగతి చెప్పాలి. ప్రభువు గాడిదనెక్కి పట్నంలోకి వచ్చిన రోజుకి గుర్తుగా మట్టల ఆదివారం నాడు సంఘమంతా కొబ్బరి మట్టలు, ఈత మట్టలు పట్టుకుని, పాటలు పాడుతూ ఊరంతా తిరుగుతాం. చాలా ఊళ్ళలో మట్టలతో సరిపెట్టుకుంటారు. మా సంఘ పెద్దగారికి అలా సరిపెట్టుకోవడం నచ్చలేదు. ఒక ఏడాది ఎక్కడినుంచో నిజం గాడిదనే తెప్పించి, తెల్ల అంగీ తొడుక్కుని, ఎర్ర కండువా వేసుకుని, కట్టుడు గడ్డం పెట్టుకుని తనే ఎక్కారు. డప్పు మీద మొదటి దెబ్బ పడగానే ఆ గాడిద ఆయనతో సహా అరటితోటలో దూరింది. మరుసటి ఏడు నుంచి మా గుర్రం. బ్యాండు మోతకి అలవాటుపడ్డ జంతువు ఊళ్ళో అదొక్కటే.

గాడిద బదులు గుర్రమేంటండి అని ఎవరైనా అడిగితే పెద్దగారు, "ఉద్దేశం ముఖ్యమండి," అనేవారు. దీనుడైన రాజు వేషం కట్టిన మనిషి, పెళ్ళికొడుకులు ఎక్కే అద్దాల జీను మీద కూర్చుని, కుచ్చుల గొడుగు కింద చేతులూపుతూ వెళ్ళేవారు. ఆయన లావు గురించి నేను మాట్లాడకూడదు, వయసులో పెద్దవారు. ఎక్కడానికి ప్లాస్టిక్ కుర్చీ వేసేవాళ్ళం. ఒకటి విరిగాక రెండోది వేసేవాళ్ళం. అంతవరకే చెబుతాను.

ఇప్పటికి నాలుగేళ్ళయింది. ఈస్టరు ముందు శ్రమదినాల ఉపవాసాలు మొదలయ్యే భస్మ బుధవారానికి వారం ముందు ఒక ఉదయం అమ్మాయి పడుకున్న చోటునుంచి లేవలేకపోయింది. మూడుసార్లు ముందుకాళ్ళు ఊని, నాలుగోసారి లేచింది. వెనక కాళ్ళు రెండూ బిగుసుకుపోయి ఉన్నాయి. గుర్రపు సాలలోంచి బోరింగు దాకా వచ్చేటప్పుడు కుడి వెనక కాలి గిట్ట అంచు మాత్రమే నేలకి ఆనుతోంది, అడుగు అడుగుకీ తల పైకెగురుతోంది. దానికి పద్దెనిమిదేళ్ళు. అందులో పదకొండేళ్ళు నా చేతి బెల్లం తిన్నది.

మా ఆయన మొహం పాలిపోయింది. కాసేపు దాని మెడ నిమిరారు. తరవాత ఆయన నోట వచ్చిన మొదటి మాట, "మట్టల ఆదివారానికి ఎలాగ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "అది లేవలేక చస్తుంటే మీకు మట్టలు కావలసొచ్చాయా?" అన్నాను.

మధ్యాహ్నానికల్లా సంగతి ఊరంతా పాకింది. ఇక మా ఇంటికి జనం. పక్కింటావిడ వావిలాకు కాచిన నీళ్ళతో స్నానం చేయించమంది. ఎదురింటాయన జిల్లేడాకులు వెచ్చబెట్టి కట్టమన్నారు. పాల కేంద్రం దగ్గరాయన నల్లేరు పచ్చడి మంచిదన్నాడు. గుర్రానికి పచ్చడేంటండీ అంటే, "కారం తగ్గించి పెట్టండి," అన్నాడు. ఇంకొకాయన ఫోనులో వీడియో చూసి వచ్చి, ఆఫ్రికాలో ఏదో దుంప ఉందండి, గోళ్ళలా ఉంటుందండి, అది తెప్పించమన్నాడు. కడియం వైపు నర్సరీలో పనిచేసే మా బంధువు ఒకాయన ఔషధ మొక్కలని ఆరు కుండీలు తెచ్చి సాల ముందు వరసగా పెట్టాడు. ఏది దేనికో రాసిన అట్టముక్కలు కూడా గుచ్చాడు. సాయంత్రానికి అమ్మాయి ఆరు మొక్కల్నీ, నాలుగు అట్టముక్కల్నీ తినేసింది. ఏది దేనికో ఇప్పుడిక దానికొక్కదానికే తెలుసు.

వీళ్ళందరూ మాట్లాడుతున్నంత సేపూ మా అత్తగారు గోడ పట్టుకుని నిలబడి వింటూనే ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. ఆవిడ మోకాళ్ళు గుర్రం కంటే ముందే పట్టేశాయి. కూర్చుంటే లేవలేరు, లేస్తే కూర్చోలేరు. అయినా తెల్లారగట్ల లేచి పెరట్లో కట్టెల పొయ్యి మీద గుర్రానికి ఉలవలు ఉడకబెట్టడం ఆవిడ పనే. మామగారి కాలం నుంచీ ఆవిడ చేతుల మీద జరుగుతున్నదని మేమెవరం అందులో వేలు పెట్టలేదు. వచ్చిన జనంలో ఒక్కరూ ఆవిడవైపు తిరిగి, "మీకెలా ఉందండి?" అనలేదు. అదేంటో, నేనూ అనలేదు.

మర్నాడు మా ఆయన ఫోనులో ఒక డబ్బా ఆర్డరు పెట్టారు. మూడో రోజుకి వచ్చింది. డబ్బా మీద మంచుకొండల ముందు ఒక నల్ల గుర్రం నాలుగు కాళ్ళూ గాల్లో పెట్టి ఎగురుతోంది. ఇరవై మూడు మూలికలట. పూర్తిగా సహజమట. సైడ్ ఎఫెక్టులు లేవట. అది వాడినవాళ్ళ అభిప్రాయాలు మా ఆయన నాకు చదివి వినిపించారు. ఒకాయన ఐదు నక్షత్రాలిచ్చి, "పార్సిల్ అందింది, ఇంకా విప్పలేదు," అని రాశాడు.

"ఇరవై మూడింట్లో ఏది ఎంత ఉందో రాశాడా?" అన్నాను.

"అన్నీ సహజమేనే."

"జిల్లేడు పాలు కూడా సహజమేనండి. పెట్టమంటారా?"

ఆయనకి కోపం వచ్చి ఆఫీసుకి తొందరగా వెళ్ళిపోయారు. అంతటి కోపం అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

నేనే పశువుల ఆసుపత్రికి వెళ్ళి డాక్టరు గారిని వెంటబెట్టుకొచ్చాను. చిన్న వయసు ఆవిడ, కొత్తగా వచ్చారు. గేదెలతో, మేకలతో ఊపిరాడని మనిషి, గుర్రం అనేసరికి ఆవిడ మొహం వెలిగింది. కాళ్ళు ఒక్కొక్కటీ ఎత్తి, వంచి పట్టుకుని, వదిలి నడిపించి చూశారు. వెనక కాళ్ళ కీళ్ళు అరిగాయండి, వాపుంది, వయసు కూడా తోడయింది అన్నారు. తరవాత సాలలోకి తొంగిచూసి ఆగిపోయారు. ఆ సాలకి మా ఆయన రెండేళ్ళ కిందట టైల్స్ వేయించారు. మా ఆడపడుచు వంటింటికి టైల్స్ వేసుకుందని తెలిసిన వారానికే వేయించారు. మా వంటింటికి ఇప్పటికీ గచ్చే.

డాక్టరు గారు ఇరవై మూడు మూలికల డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇందులో ఏది పనిచేసినా, ఏది తేడా చేసినా మనకి తెలిసే దారి లేదండి. ఒక్కటే ఎంచుకోండి. గుర్రాలకని తయారుచేసినది, ఎన్ని గ్రాములో రాసి ఉన్నది. సల్లకి ఉంది, అందుగు చెట్టు బంక అండి, అది పెట్టి చూడండి. ఆరు వారాలు అదొక్కటే. మేత మానేసినా, కడుపునొప్పితో పొర్లినా ఆపేసి నాకు ఫోన్ చెయ్యండి."

"తగ్గుతుందాండి?" అన్నారు మా ఆయన.

"కొన్నిటికి కొంచెం తేడా కనిపిస్తుందండి, కొన్నిటికి కనిపించదు. పొడి తోడు మాత్రమేనండి. ముందు దీన్ని ఆ టైల్స్ మీంచి తప్పించండి. ఎండుగడ్డి మందంగా పరవండి. గిట్టలు పెరిగిపోయాయి, కోయించండి. రోజూ మెత్తటి నేల మీద కాసేపు నెమ్మదిగా నడిపించండి. బరువు మాత్రం ఎక్కించకండి."

ఇంత చెప్పాక మా ఆయన, "ఆ పొడి పేరు కాస్త రాసివ్వండి," అన్నారు. ఆయన్ని ఎగతాళి చెయ్యడానికి నాకు అర్హత లేదు. నేను నా చీటీ మీద అప్పటికే ఆ ఒక్క మాటే రాసుకున్నాను.

సల్లకి పొడి తెప్పించి భస్మ బుధవారం నాడు మొదలుపెట్టాం. చెప్పిన మిగతావి కూడా చేశాం. అవి చెయ్యడం కష్టం కాదు, అందుకే వాటిని మందులో జమకట్టలేదు. గడ్డి పరిచాం. గిట్టలు కోయించాం. మా ఆయన రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద అమ్మాయిని నడిపించేవారు. పైగా ఆ ఏడు మూఢం వచ్చింది, ముహూర్తాలు లేవు. మావాళ్ళకేమో శ్రమదినాలు, పెళ్ళిళ్ళు పెట్టుకోరు. అటు హిందువులూ ఇటు మేమూ కలిసి ఒకే నెలన్నరలో పెళ్ళిళ్ళు మానేసిన ఏడు అది. అమ్మాయి వీపు మీద జీను పడలేదు.

నేను లెక్కల టీచర్ని. పనిచేసిందో లేదో నోటిమాటగా తేల్చేస్తే నా ఉద్యోగానికే అవమానం. ఒక గ్రాఫు పుస్తకం తీసుకున్నాను. రోజూ సాలలోంచి బోరింగు వైపు నడిపించి, కుడి వెనక గిట్ట పూర్తిగా నేలకి ఆననిచ్చేదాకా ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టి రాసేదాన్ని. భస్మ బుధవారం నుంచి మట్టల ఆదివారానికి ఆరు వారాలకి మూడు రోజులు తక్కువ. అది కూడా పుస్తకం మొదటి పేజీలో రాశాను. పొడి పెట్టాం అన్నదానికి ఒక గడి గీశాను, రోజూ టిక్కు. గుర్రానికి పొడి కలిపి పెట్టేది మా అత్తగారు. నేను బడికి వెళ్ళే హడావిడిలో, "అత్తయ్యగారూ, పొడి వేశారా?" అని అరిస్తే, "వేశానమ్మా," అని పెరట్లోంచి వినపడేది. నేను టిక్కు పెట్టేదాన్ని.

ఇక్కడే నా వల్ల ఒక తప్పు జరిగింది. పొడి వచ్చిన ప్యాకెట్టు చిరిగిపోతోందని దాన్ని ఒక స్టీలు డబ్బాలో పోసి వంటింట్లో అలమారలో పెట్టాను. మా ఇళ్ళలో ఆ అలమారలో ఏముంటాయో తెలుగువాళ్ళకి చెప్పనక్కర్లేదు. కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకు పొడి, మెంతిపొడి. వేడన్నంలో నెయ్యి వేసుకుని మొదటి ముద్ద ఏదో ఒక పొడితో తినకపోతే మా అత్తగారికి అది భోజనం కిందే లెక్క కాదు.

రెండో వారం గడిచేసరికి అడుగుల లెక్క తగ్గడం మొదలైంది. నలభై అడుగులు పట్టేది ముప్పైకి వచ్చింది. నాలుగో వారానికి పదిహేను. తరవాత పది. గీత కిందికి దిగుతుంటే నాకు రాత్రి అన్నం కూడా రుచిగా ఉండేది. అమ్మాయి ఒక రోజు నన్ను చూసి గట్టు మీంచి పరిగెత్తబోయింది. నేను ఏడ్చాను. ఎవరూ చూడలేదనుకున్నాను కానీ మా ఆయన చూశారు.

ఇక గొప్పలు. నర్సరీ బంధువు తన ఆరు మొక్కల వల్లే అన్నాడు. నల్లేరాయన పచ్చడి మేం దొంగచాటుగా పెట్టామనుకుని నవ్వుతూ పోయేవాడు. మా ఆయనేమో, విప్పని ఆ ఇరవై మూడు మూలికల డబ్బా కూడా ఇంట్లో ఉండడం వల్ల మేలు చేసిందన్నట్టు మాట్లాడేవారు. నేను వీళ్ళందరినీ చూసి నవ్వుకునేదాన్ని. ఎందుకంటే నా దగ్గర గ్రాఫుంది. చర్చిలో స్త్రీల సమాజం మీటింగుకి పుస్తకం పట్టుకెళ్ళి, ఒక్కటే ఎంచుకోవాలండి, ఓపిక పట్టాలండి, రాసుకోవాలండి అని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. మోకాళ్ళ నొప్పులున్న ఆడవాళ్ళు పదిమంది ఆ పొడి పేరు రాసుకున్నారు. గుర్రాలదండీ అంటే, "ఫర్లేదండి," అన్నారు.

పెద్దగారు నా గ్రాఫుని ఫోనులో ఫోటో తీసుకెళ్ళారు. మట్టల ఆదివారానికి ముందు ఆదివారం, పాటల మాటలు చూపించే తెర మీద అది వేశారు. "మన టీచరు గారి కృషి వల్ల గుర్రం బాగైందండి. వచ్చే ఆదివారం యథాప్రకారం నేను ఎక్కుతున్నానండి," అని ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. బరువు ఎక్కించకండి అని డాక్టరు గారన్న మాట నాకు ఆ క్షణంలో గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. మా ఆయన నా చెవిలో, "ఊరు చుట్టూ ఒక్కసారే కదా," అన్నారు. నేను తల ఊపాను. తెర మీద నా గ్రాఫు అంత పెద్దగా ఉంటే అడ్డం చెప్పబుద్ధి కాలేదు. ఇది నేను సిగ్గుపడే విషయం.

శనివారం ఒంటిపూట బడి. ఇంటికి వచ్చేసరికి మా అత్తగారు పీట మీద కూర్చోలేక స్టూలు మీద కూర్చుని అన్నం తింటున్నారు. వేడన్నం, నెయ్యి, మొదటి ముద్ద. వంటింట్లో సాంబ్రాణి వాసనొస్తోంది. మేం సాంబ్రాణి వేసే వాళ్ళం కాదు. కంచం పక్కన చూస్తే సల్లకి డబ్బా మూత తీసి ఉంది.

"అత్తయ్యగారూ, ఏంటండి అది?"

"పొడమ్మా," అన్నారు ఆవిడ తొణక్కుండా.

"అది గుర్రంది కదండి!"

"గుర్రానికి తగ్గేది మనిషికి తగ్గదా?"

"ఎన్నాళ్ళనుంచి తింటున్నారు?"

"బుధవారం నుంచి."

నాకు కొంచెం ప్రాణం కుదుటపడింది. "మొన్న బుధవారమేనా?"

"భస్మ బుధవారం."

నేను గోడకి చేరగిలబడ్డాను. "మరి అమ్మాయికి ఏం పెట్టారండి ఇన్నాళ్ళూ?"

"మెంతిపొడి కలిపానమ్మా. రంగు ఇంచుమించు ఒకటేగా. శుభ్రంగా తింది."

ఆరు వారాలకి నాలుగు రోజులు తక్కువ. రోజూ టిక్కు. చర్చి తెర మీద గ్రాఫు. పదిమంది ఆడవాళ్ళు. నా తలప్రాణం తోకకి వచ్చింది. వెంటనే డాక్టరు గారికి ఫోన్ చేసి, ముందు మా అత్తగారి గురించి చెప్పాను. అది మనుషులు తినే మోతాదు చూసి చేసింది కాదండి, ఇప్పుడే మానిపించి మనుషుల డాక్టరుకి చూపించండి అని గట్టిగా చెప్పారు. ఆ సాయంత్రమే చూపించాం, ఏమీ కాలేదన్నారు. ఫోన్ పెట్టేముందు అడిగాను, "పొడి తినకుండానే గుర్రం ఎలా నడుస్తోందండి?"

డాక్టరు గారు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "ఆరు వారాలుగా దాని మీద ఎవరూ ఎక్కలేదు కదండి, టీచరు గారూ," అన్నారు.

నా పుస్తకంలో పొడికి గడి ఉంది. గడ్డికి లేదు. గట్టు మీద నడకకి లేదు. ఖాళీ వీపుకి లేదు. పిల్లలు లెక్కలో ఒక అంకె వదిలేస్తే వేళ్ళ మీద స్కేలుతో కొట్టిన మనిషిని నేను.

వంటింట్లోకి తిరిగి వచ్చి, "మరి మీ మోకాళ్ళు తగ్గాయా?" అని అడిగాను. ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఇరవై ఆరేళ్ళయింది. ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"ఎక్కడమ్మా," అన్నారు ఆవిడ, స్టూలు అంచు పట్టుకుని లేవబోతూ. లేవడానికి మూడుసార్లు ప్రయత్నించారు. నాలుగోసారి లేచారు.

ఆ ఆరు వారాలూ తెల్లారగట్ల పొయ్యి ముందు నిలబడి ఉలవలు ఉడకబెట్టింది ఆవిడే. గుర్రానికి విశ్రాంతి దొరికింది, బాగుపడింది. ఆవిడకి పొడి దొరికింది. అదైనా మేం ఇవ్వలేదు, ఆవిడే తీసుకున్నారు. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది.

మర్నాడు చర్చి ముందు సంఘమంతా మట్టలు పట్టుకుని నిలబడ్డారు. అమ్మాయికి అద్దాల జీను కట్టి మా ఆయన తలపాగాతో సిద్ధంగా ఉన్నారు. రాత్రి నేను చెప్పిందంతా ఆయన విన్నారు. విని, "ఇప్పుడు వద్దంటే పెద్దగారు ఏమనుకుంటారు?" అన్నారు. పెద్దగారు అంగీ, కండువా, గడ్డంతో వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆయన దాని మీదికి ఎక్కి, జీను మీద చెయ్యి వేశారు. అమ్మాయి చెవులు వెనక్కి వాల్చి, కుడి వెనక కాలు మెల్లగా పైకి తీసుకుంది. నేను వెళ్ళి కళ్ళెం పట్టుకున్నాను.

"ఎక్కకండి, పెద్దగారూ. దీనికి ఇంకా నొప్పి తగ్గలేదండి."

"అదేంటండి? గ్రాఫుంది కదండి!"

"గ్రాఫు తప్పండి."

"పొడి పెట్టారు కదండి? తెర మీద అందరం చూశాం కదండి!"

ఏం చెప్పాలో, అందరి ముందు మా అత్తగారి పేరు ఎలా ఎత్తాలో తెలియక నేను తడబడుతుంటే, ఆవిడే గుంపు వెనకనుంచి మెట్ల మీది కమ్మీ పట్టుకుని ముందుకి వచ్చారు.

"ఆ పొడి తిన్నది నేనండి," అన్నారు. "ఎక్కితే నా మీద ఎక్కండి."

స్త్రీల సమాజం వైపునుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఆగలేదు. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, నవ్వు ఆపుకోలేక గబగబా పాట ఎత్తుకున్నారు. మా ఆయన ఎవరి మొహమూ చూడకుండా జీను పట్టీ విప్పి, జీనుని ఆ ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టేశారు. నాకు ఆయన మీద ఎన్నాళ్ళకో గౌరవం కలిగింది.

ఆ ఏడు అమ్మాయి ఖాళీ వీపుతో ముందు నడిచింది. పెద్దగారు దాని వెనక గడ్డంతో నడిచారు. అమ్మాయి దారిపొడుగునా పక్కవాళ్ళ చేతుల్లోని మట్టలు లాక్కుని తింది. సాయంత్రానికి పెద్దగారి మోకాళ్ళు వాచాయి. ఊరంతా వెళ్ళి ఆయనకి మందులు చెప్పింది. విప్పని ఇరవై మూడు మూలికల డబ్బా మా ఆయన పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చారు.

మూఢం వెళ్ళాక ముహూర్తాలు మొదలయ్యాయి. ఒక ఆదివారం పొద్దున్నే మా ఆయనకి ఫోన్ వచ్చింది. కాకినాడ వైపు పెళ్ళివాళ్ళు, గుర్రం కావాలట. ఆయన తలపాగా మేకుకి వేలాడుతోంది. దానివైపు ఒకసారి చూశారు. నేను కూరగాయలు తరగడం ఆపేశాను. మా అత్తగారు పొయ్యి దగ్గరికి వెళ్ళడానికి గోడ పట్టుకుని అప్పుడే నిలబడుతున్నారు.

"గుర్రం రాదండి," అన్నారు ఆయన. "దానికి కీళ్ళ నొప్పులండి. ఇక ఎక్కించమండి."

అవతలాయన గొంతు నాకు కూడా వినపడింది. "అయ్యో, మంచి పొడి ఒకటుందండి! పెట్టి చూడండి, పరిగెడుతుంది. ఫోటో పంపించమంటారా?"

మా ఆయన ఫోనుని చేత్తో మూసి, తల్లివైపు తిరిగారు. "అమ్మా, పొడట. నీకేమన్నా కావాలా?"

"పొడొద్దు," అన్నారు మా అత్తగారు. "పొయ్యి దగ్గరికి నువ్వెళ్ళు." అని నెమ్మదిగా మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

ఆయన ఫోన్ పెట్టేసి వెళ్ళారు. ఆ పూట ఉలవలు అడుగంటాయి. గుర్రం ఏమీ అనకుండా తినేసింది. మా అత్తగారు మాత్రం కుర్చీలోంచి లేవకుండానే మధ్యాహ్నం దాకా ఏదో ఒకటి అంటూనే ఉన్నారు.